ఆ ఉత్తరం రాసింది నేనే

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన నెలవారీ సమావేశంలో, జనరల్ ఇన్సూరెన్స్‌లో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకున్న వాళ్ళకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఫ్యాన్ కొంచెం తగ్గించబ్బాయ్... ఆ, చాలు.

నన్ను ఆరోగ్య సంస్కరణల గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను, ఎకనామిక్స్ చదువుకున్నవాణ్ణి కూడా కాను. 34 ఏళ్ళు ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాను. అంచేత ఆ కుర్చీలోంచి కనిపించిందే చెబుతాను.

ముందు ఒక సంగతి చెప్పి మొదలుపెడతాను. ఇరవై ఐదేళ్ళ పైమాట. కోవూరు వైపు నుంచి ఒక టైలర్ మా ఆఫీసుకి వచ్చాడు. చేతిలో కవరు. లోపలున్న ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. ‘సార్, ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పండి, మా ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు’ అన్నాడు. తీసుకుని చూశాను. కింద సంతకం మా మేనేజర్‌ది. రాసింది నేనే. ముందు వారం నేనే టైపు చేయించి పంపిన ఉత్తరం. అతని భార్య ఆపరేషన్ క్లెయిమ్ ఇవ్వడం కుదరదని ఉత్తరం. కారణం? పాలసీ కొనేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో ‘బీపీ ఉందా’ అన్న చోట ‘లేదు’ అని టిక్కు పెట్టి ఉంది. ఆస్పత్రి కాగితాల్లో నాలుగేళ్ళుగా బీపీ ఉన్నట్టుంది. ఆ టిక్కు పెట్టిందెవరు? అతను కాదు. అతనికి ఇంగ్లీషు రాదు. ఏజెంటు ఫారం నింపేసి, కింద సంతకం చెయ్యమన్నాడు. చేశాడు.

చదివి చెప్పాను. అతను నన్ను తిట్టలేదు, ఏడవలేదు. ‘అంతేనా సార్’ అన్నాడు. కవరు మడిచి జేబులో పెట్టుకుని, థ్యాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. రాసింది నేనేనని అతనికి చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడ, మీ ముందు చెబుతున్నాను.

రూల్ ప్రకారం నేను రాసింది తప్పా? కాదు. ఆడిట్‌కి వస్తే నాదే కరెక్టు. అదే నన్ను ఇప్పటికీ సతాయిస్తుంది. నేను రూల్ ప్రకారమే రాశాను. మరి ఆ రూల్ ఎవరు రాశారు? ఈ రోజు నా ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్నే. రూల్ ఎవరు రాశారు? రాసేటప్పుడు ఆ గదిలో ఎవరెవరు కూర్చున్నారు?

ఒకసారి అమెరికా వెళ్ళొద్దాం. భయపడకండి, వీసా అక్కర్లేదు. ఈ హాల్లో పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా, సగానికి సగం. నెల్లూరంటే అంతే. మీ పిల్లలు సెలవులకొస్తే చేసే మొదటి పనేంటి? బిర్యానీ తిన్నాక రెండో పని చెప్పండి. పళ్ళ డాక్టరు! ట్రంక్ రోడ్డులో డెంటల్ క్లినిక్కులు డిసెంబరు, జనవరిలో చూడండి. రూట్ కెనాల్ ఇక్కడ చేయించుకుని పోతారు. పోయేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఆరు నెలల మందులు. లక్ష డాలర్లు జీతం తెచ్చుకునే పిల్లాడు నెల్లూరొచ్చి పన్ను పీకించుకుంటున్నాడంటే, ఆ దేశంలో ఏదో తేడాగా ఉన్నట్టేగా?

అక్కడ ఈ గొడవ ఈనాటిది కాదు. 1945లో, యుద్ధం అయిపోయిన ఏడాదే, ట్రూమన్ అనే ప్రెసిడెంటు అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా పెడదామన్నాడు. ఎదురు తిరిగిందెవరు? డాక్టర్ల సంఘమే. ఇది సోషలిస్టు వైద్యం, ఇవాళ వైద్యం రేపు అన్నీ, అని ఊరూరా ప్రచారం చేశారు. ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1965లో, ముసలివాళ్ళకు మాత్రం మెడికేర్ అని ప్రభుత్వ బీమా వచ్చింది. అప్పటి ప్రెసిడెంటు జాన్సన్ ఆ చట్టం మీద సంతకం పెట్టడానికి ట్రూమన్ సొంత ఊరు వెళ్ళి, మొదటి కార్డు ఆయన చేతికే ఇచ్చాడు. ఇరవై ఏళ్ళు ఆలస్యంగానైనా ఇచ్చాడు.

ఆ తర్వాత 1993లో క్లింటన్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి అడ్డొచ్చింది ఇన్సూరెన్స్ కంపెనీల సంఘం. వాళ్ళేం చేశారో తెలుసా? టీవీలో ఒక ప్రకటన. మొగుడూ పెళ్ళాం వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని కాగితాలు చూసుకుంటూ, ‘అయ్యో, మన ఇష్టం వచ్చిన పాలసీ మనం ఎంచుకోవడానికి వీల్లేదంట’ అని మాట్లాడుకుంటారు. అంతే. అరుపులు లేవు, బెదిరింపులు లేవు. అచ్చం మన ఇళ్ళల్లో మాట్లాడుకున్నట్టే. ఆ మాటలు రాయించింది కంపెనీలని చూసే వాళ్ళలో ఎంతమందికి తట్టి ఉంటుంది? 1994కల్లా ఆ పథకం చతికిలబడింది. ఆ ప్రకటన ఒక్కదానివల్లే అనను. అదీ ఒక చెయ్యి వేసింది.

నాకు ఎక్కువ ఆసక్తి 2009 కథ మీద. ఈసారి కంపెనీలు రూటు మార్చాయి. ఒబామా వచ్చి సంస్కరణ చేద్దామంటే, ‘రండి, మేమూ మీతోనే’ అన్నాయి. ఎదురు తిరగలేదు. బల్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాయి. పైకి అది. లోపల? అక్కడి వర్తక సంఘానికి 8.6 కోట్ల డాలర్లు పంపించాయి. ఆ సంఘం ఆ డబ్బుతో అదే బిల్లుకి వ్యతిరేకంగా ప్రకటనలు వేసింది. ఈ సంగతి ఏడాది తర్వాత, 2010 నవంబరులో, పత్రికల్లో బయటపడింది. అప్పటికి చట్టం అయిపోయింది.

ఆ బిల్లులో ‘పబ్లిక్ ఆప్షన్’ అని ఒకటుండేది. ప్రైవేటు పాలసీలతో పాటు ప్రభుత్వ పాలసీ కూడా ఒకటి బజార్లో పెడదాం, ఇష్టమైనవాళ్ళు కొనుక్కుంటారు అని. అంతే. ఎవర్నీ మూసెయ్యమనలేదు. అదే కంపెనీలకు కంట్లో నలుసైంది. పక్కన ప్రభుత్వం చవగ్గా అమ్ముతుంటే తమ దగ్గరికి ఎవరొస్తారు? బిల్లు గట్టెక్కాలంటే సెనేట్‌లో, అంటే వాళ్ళ పై సభలో, 60 ఓట్లు కావాలి. లీబర్మన్ అనే సెనేటర్ అది ఉంటే నేను ఓటెయ్యనన్నాడు. ఆయనది కనెక్టికట్ రాష్ట్రం. ఆ రాష్ట్ర రాజధాని హార్ట్‌ఫర్డ్‌ని ఇన్సూరెన్స్ రాజధాని అని పిలుస్తారు. మన గూడూరు నిమ్మకాయలకు ఎట్లాగో అది ఇన్సూరెన్స్‌కి అట్లా. తీసేశారు. 2010 మార్చి 23న చట్టం వచ్చింది, పబ్లిక్ ఆప్షన్ లేకుండా.

అయితే ఇక్కడ ఆగండి. ఆ చట్టం పనికిరాదని నేను అనడం లేదు. పాత జబ్బు ఉందని పాలసీ నిరాకరించకూడదని అందులోనే పెట్టారు. ఇంకొకటి కూడా పెట్టారు, మీరందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. కంపెనీ వంద రూపాయలు ప్రీమియం వసూలు చేస్తే అందులో కనీసం 80 రూపాయలు వైద్యానికి, దాని నాణ్యతకి ఖర్చు పెట్టాలి. పెద్ద సంస్థల గ్రూపు పాలసీలకైతే 85. తగ్గితే? ఆ తేడా చందాదారులకి వెనక్కి ఇవ్వాలి. అక్కడ అది చట్టం. కంపెనీలు అంత బలంగా ఉన్న దేశంలో ఈ లెక్క చట్టంలోకి ఎక్కించగలిగారు. ఈ 80 అన్న అంకె దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక మన సంగతి. మా ఆఫీసులో మెడిక్లెయిమ్ అనే హెల్త్ పాలసీ 1986లో వచ్చింది. అప్పట్లో ఇన్సూరెన్స్ అంటే నాలుగు ప్రభుత్వ కంపెనీలే. హెల్త్ పాలసీ అమ్మాలంటే బతిమాలాలి. ‘జబ్బు చెయ్యకముందే జబ్బుకి డబ్బు కట్టడమేంది, అపశకునం’ అనేవాళ్ళు. 1999లో చట్టం మారింది, 2000 నుంచి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. విదేశీ పెట్టుబడి మొదట 26 శాతం, 2015లో 49, 2021లో 74. ఈ మెట్లు ఎక్కుతున్నప్పుడు మనలో ఎవరైనా ఒక్కసారి మాట్లాడామా? సినిమా టికెట్టు రేటు మీద మాట్లాడినంత మాట్లాడామా?

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం, మూడు జిల్లాల్లో. ఏడాదిన్నర తిరక్కుండా రాష్ట్రమంతా పాకింది. ఈ హాల్లో దాని వల్ల బతికి బట్టకట్టిన కుటుంబాలు ఉంటాయి, నాకు తెలుసు. కానీ చాలామంది మర్చిపోయిందేంటంటే, అది మొదట నడిచింది ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారానే. చెన్నైలో అంతకు ముందు ఏడాదే మొదలైన స్టార్ హెల్త్ కంపెనీకి ప్రభుత్వం ప్రీమియం కట్టింది. తర్వాత ప్రభుత్వం పెట్టిన ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా ఆస్పత్రులకు కట్టే పద్ధతి వచ్చింది. పేర్లు మారాయి. ఎన్టీఆర్ వైద్యసేవ, మళ్ళీ ఆరోగ్యశ్రీ, మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ. బోర్డులకి రంగులు మార్చేవాళ్ళకి మాత్రం చేతినిండా పని.

ఇప్పుడు 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త పద్ధతికి ఒప్పుకుంది. హైబ్రిడ్ అంటున్నారు. రెండున్నర లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ చూసుకుంటుంది, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు. 1.63 కోట్ల కుటుంబాలకని లెక్క చెప్పారు. అంటే తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాం.

ఎందుకంటారు? నిజాయితీగా మాట్లాడుకుందాం. ట్రస్టు పద్ధతిలో జబ్బు ఏంటంటే బకాయిలు. ఆస్పత్రులు ఆపరేషన్లు చేసేస్తాయి, ప్రభుత్వం డబ్బులివ్వదు. నెలల తరబడి. ఆస్పత్రుల సంఘం నోటీసులు, సేవల బంద్. బంద్ రోజున మార్కాపురం నుంచి గుండె నొప్పితో వచ్చినవాడు ఏమవ్వాలి? ఇది నిజమైన బాధ. ఇన్సూరెన్స్ కంపెనీ అయితే గడువులో కడుతుంది, దొంగ బిల్లుల్ని పట్టుకుంటుంది అని ఒక వాదన. దొంగ బిల్లులు లేవా? ఉన్నాయి. అవసరం లేకపోయినా గర్భసంచులు తీసేసిన కథలు ఈ రాష్ట్రంలో మనమందరం విన్నవే. అమ్మా, మీకు నాకంటే బాగా తెలుసు. కాబట్టి మధ్యలో గట్టిగా చూసేవాడు ఒకడుండాలన్న మాటలో న్యాయం ఉంది.

కానీ ఆ చూసేవాడికి లాభం ఎక్కడొస్తుంది? అది అడగాలి. ట్రస్టు ‘ఇవ్వం’ అంటే దానికి లాభం లేదు. ఖజానాకి మిగులుతుందేమో గానీ, ‘ఇవ్వం’ అన్న అధికారి జీతం పెరగదు. సోమవారం గ్రీవెన్స్‌కి పోవచ్చు, ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చోవచ్చు. ఐదేళ్ళకోసారి కోపం తీర్చుకోవచ్చు. కంపెనీ ‘ఇవ్వం’ అంటే ఎవరి ఇంటి ముందు కూర్చుంటావు? వాళ్ళ హెడ్డాఫీసు ముంబైలోనో చెన్నైలోనో. ఎమ్మెల్యేని అడిగితే, ‘అది కంపెనీ వ్యవహారం కదన్నా’ అంటాడు. ఆ మాట అనే వీలు ప్రభుత్వానికి దొరికింది చూడండి, నా అనుమానమల్లా అక్కడే.

ఇప్పుడు ఆ 80 అంకెకి వద్దాం. ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద పెద్దరికం చేసే సంస్థ, ఏటా రిపోర్టు ఇస్తుంది. 2023-24 రిపోర్టులో ఆరోగ్య బీమా లెక్క చూడండి. ప్రభుత్వ కంపెనీలు వంద రూపాయల ప్రీమియానికి సుమారు 103 రూపాయలు క్లెయిములకి పోశాయి. అంటే నష్టం. ప్రైవేటు జనరల్ కంపెనీలు సుమారు 89. ఇక కేవలం హెల్త్ పాలసీలే అమ్మే కంపెనీలు? సుమారు 65 రూపాయలు. మిగిలిన 35 ఏజెంట్ల కమిషన్లు, ప్రకటనలు, ఆఫీసులు, లాభం. అమెరికాలో అయితే 80కి తగ్గినందుకు చెక్కు ఇంటికొచ్చేది. మన దగ్గర మీరు సొంతంగా కొనుక్కునే పాలసీకి ఎవరైనా తిరిగిచ్చారా? వచ్చింది ఒక్కటే, 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. మంచిదే. అది ప్రభుత్వం వదులుకున్న డబ్బు గానీ, కంపెనీ వదులుకున్నది కాదు.

నా సొంత సంగతి ఒకటి చెబుతాను, నవ్వుకుంటారు. రిటైరయ్యాక మా ఆవిడకి పిత్తాశయంలో రాళ్ళు. మనవాళ్ళంతా చేసినట్టే చెన్నై రైలెక్కాం. పాలసీ ఒక కంపెనీది, పేరొద్దు. రోజుకి రూము అద్దె పరిమితి నాలుగు వేలు. ఆ రూములు ఖాళీ లేవన్నారు, ఆరు వేల రూము ఇచ్చారు. పోతే రెండు వేలు మనమే వేసుకుంటాం కదా అనుకున్నాను. 34 ఏళ్ళు ఇన్సూరెన్స్‌లో పనిచేసినవాణ్ణి, అట్లా అనుకున్నాను! డిస్చార్జి రోజు బిల్లొచ్చింది. ఆరు వేల రూము అద్దెలో రెండు వేలు, అంటే మూడోవంతు, పరిమితి దాటింది కాబట్టి సర్జన్ ఫీజులో మూడోవంతు కట్, ఆపరేషన్ థియేటర్ అద్దెలో మూడోవంతు కట్. మందుల బిల్లు వదిలేసి అన్నిట్లో కట్. ప్రొపోర్షనేట్ డిడక్షన్ అంటారు దాన్ని. ఆ ముక్క నేను ఎంతమందికి రాసుంటాను! మా ఆవిడ మంచం మీంచి అడిగింది, ‘మీరు ఉద్యోగం చేసింది ఈ శాఖలోనేనా’ అని. పొద్దున డిస్చార్జి అన్నవాళ్ళు రాత్రి ఏడున్నరకి వదిలారు. అప్పటిదాకా టెన్షనే. ఇప్పుడు 2024 రూల్ వచ్చింది. క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే పద్ధతి, అడిగితే గంటలో చెప్పాలి, డిస్చార్జి అయితే మూడు గంటల్లో తేల్చాలి. రాసిపెట్టుకోండి, అక్కడ కౌంటర్లో చూపించండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఇన్సూరెన్స్ అంటే మంచమెక్కాకే. ఆరోగ్యశ్రీ అయినా, కేంద్రం వాళ్ళ ఆయుష్మాన్ అయినా, ఆస్పత్రిలో చేరితేనే. నెలనెలా షుగరు మాత్రలు? చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో పనిచేసేవాడి దగ్గు? కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి వంగిపోయిన నడుములు? వాటికి ఏ కార్డూ గీకరు. 2021-22 జాతీయ లెక్కల్లో మన దేశం వైద్యం మీద పెట్టే ఖర్చులో దాదాపు 39 శాతం జనం జేబులోంచే. కార్డులు ఇన్ని ఉండి కూడా. కనిగిరి వాడికి కావాల్సింది మంచినీళ్ళ పైపు. దాన్ని ఏ కంపెనీ అమ్మదు, కాబట్టి దాని గురించి వంటింటి బల్ల దగ్గర మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునే ప్రకటన రాదు.

ఈ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారు నడిపిన ప్రజా వైద్యశాల. తక్కువ ఖర్చుతో వైద్యం, పల్లెల్లో మందులిచ్చే కుర్రాళ్ళకి శిక్షణ. పెద్దవాళ్ళు చాలామంది ఆ మెట్లెక్కిన వాళ్ళే. అదొక్కటే రాష్ట్రానికంతా సరిపోతుందని నేను అనను. కానీ చర్చ ఎప్పుడూ ‘ఏ కార్డు, ఎన్ని లక్షలు’ అన్నచోటే ఆగిపోతోంటే, ఆ ఆస్పత్రి గుర్తొస్తుంది.

ఎవరో అడిగారు ఇందాక, బయట టీ తాగుతుంటే. ‘ఇంత పెద్ద కంపెనీలతో మనమేం చెయ్యగలం సార్’ అని. అయ్యా, ఇది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు. వేలంపాటలు జరగనివ్వలేదు. సారా కాంట్రాక్టర్లంటే మాటలా ఆ రోజుల్లో? మంత్రులు వాళ్ళ గుప్పిట్లో ఉన్నారనేవాళ్ళు. ఖజానాకి ఆదాయం పోతుందన్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బంద్.

ఒక తేడా ఉంది, ఒప్పుకోవాలి. సారా ప్యాకెట్టు కళ్ళకి కనపడుతుంది. కొట్టు ఫలానా చోట ఉందని తెలుసు, చీపురు తీసుకుని పోవచ్చు. పాలసీలో షరతు కనపడదు. 43వ పేజీలో చిన్నక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంటుంది. చీపురు తీసుకుని ఎక్కడికి పోతావు? దూబగుంట వాళ్ళు కూడా ముందు చదవడమే నేర్చుకున్నారు కదా. అంచేత నేను అడిగేది పెద్ద విప్లవం కాదు. ప్రభుత్వం కంపెనీతో రాసుకునే ఒప్పందం తెలుగులో ప్రతి సచివాలయంలో గోడకి అంటించాలి. వందలో ఎంత వైద్యానికి పోయిందో మూడు నెలలకోసారి జిల్లావారీగా చెప్పాలి, తగ్గిందాన్ని వెనక్కి లాగాలి. ‘ఇవ్వం’ అని ఉత్తరం వస్తే అది తెలుగులో ఉండాలి, కింద ఒక మనిషి పేరు, ఫోను నంబరు ఉండాలి. ఆస్పత్రిలో పథకం కౌంటర్ దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్ర పేరు కాదు, ఆ పిల్ల పాపం జీతగత్తె. నిర్ణయం తీసుకున్నవాడి పేరు.

సొంత పాలసీలున్నవాళ్ళకి ఒక ముక్క. క్లెయిమ్ తోసేస్తే ఊరుకోవద్దు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, హైదరాబాదులో ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. 50 లక్షల దాకా తీర్పు ఇవ్వొచ్చు. ఏడాది లోపు వెయ్యాలి. ఆ కోవూరు టైలర్‌కి ఈ సంగతి ఆ రోజు నేను చెప్పుండొచ్చు. చెప్పలేదు.

టైమైందని సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం. పాలసీ కాగితాలు తెచ్చుకోమని పోయిన నెలే చెప్పాం కదా, ఎంతమంది తెచ్చారు? ఏడెనిమిది మంది ఉన్నట్టున్నారు. ఆ తలుపు పక్కన బల్ల వేయించాను, అక్కడే కూర్చుంటాను. ప్రపోజల్ ఫారం నకలు కూడా ఉంటే తియ్యండి, ముందు అదే చూడాలి. టిక్కులు ఎవరు పెట్టారో చూద్దాం. కళ్ళజోడు తెచ్చుకున్నాను.